ఐదో భాగానికి మూడో భాగం మాటలు

మా పై అంతస్తులో ఉండే సెవెరిన్ గారు టీవీలో ఎంతమందిని చంపించారో ఆయనకే లెక్క తెలియదు. వేరే దేశపు సినిమా మా పోలండ్ టీవీలో వస్తే నటుల గొంతులు వెనక సన్నగా వినిపిస్తుంటాయి, వాటి మీద ఒకే ఒక్క మనిషి అందరి మాటలూ చదివేస్తాడు. హీరో, విలన్, హీరోయిన్, ఆమె అమ్మమ్మ, అందరూ సెవెరిన్ గారే. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నా, "బాంబు పేలబోతోంది" అన్నా ఒకటే గొంతు. భావం పలికించకూడదన్నది ఆ పనికి నియమం. ఆయన కంటే మా రైల్వే స్టేషను ప్రకటనలే నయం.

"నేను కనపడను. కానీ నేను లేకపోతే మీకు కథే లేదు," అని ఆయన గొప్పలు పోయేవారు.

ఆయన చదివిన సినిమాల్లో 'నిప్పుల గద్ద' మొదటి భాగం బాగుంది, కాదనను. దాంతో తీసినవాళ్లు డబ్బు రుచి మరిగారు. రెండో భాగంలో వంతెన కూలింది. మూడో దాంట్లో ఇంకా పెద్ద వంతెన కూలింది, హీరో పెళ్లాం కూడా పోయింది. నాలుగులో చచ్చిన విలన్ ఐదులో మీసం పెట్టుకుని తిరిగొచ్చాడు. ఖర్చు పెరిగినకొద్దీ కథ చిక్కి శల్యమైంది.

ఆ విలన్ మొదట వచ్చింది మూడో భాగంలోనే కాబట్టి, వాడి పేరు అప్పట్లో తానెలా పలికారో చూసుకోవడానికి సెవెరిన్ గారు ఆ మూడో భాగం కాగితాలు బయటికి తీశారు. పొద్దున హడావిడిలో ఆ కట్టే సంచిలో వేసుకుని స్టూడియోకి వెళ్లి, ఐదో భాగం మీద చదివేశారు. విలన్ నోరు తెరిచిన చోటల్లా "ప్రపంచం నా గుప్పిట్లో ఉంది" చక్కగా అతికింది. రికార్డు చేసే పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తలేదు. ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద ఐదో భాగం కట్ట చూశాక గానీ సెవెరిన్ గారికి సంగతి తెలియలేదు. అప్పటికే టీవీలో సినిమా మొదలైంది.

మర్నాడు మెట్ల మీద నన్ను ఆపారు.

"నిన్న సినిమా చూశావా?"

"చూశానండీ. ఎప్పటిలాగే తగలడింది."

"మాటలు?"

"మాటలెవడు విన్నాడండీ!"

ఆయన జరిగిందంతా చెప్పారు. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం మెట్టు మీద కూలబడి, "మరి ఇన్నేళ్లూ నేనెవరికి చదివానురా?" అన్నారు.

తలుపు తీసుకుని ఆయన భార్య లుద్వికా గారు వచ్చారు, చేతిలో సగం చెక్కు తీసిన బంగాళాదుంప. ఆవిడ ఎప్పుడూ టీవీకి వీపు పెట్టి వంట చేసుకుంటారు.

"మెట్ల మీద పంచాయితీ ఏంటయ్యా? నిన్న చదివింది మూడోదేగా?"

"నీకెలా తెలుసు?"

"'వంటింట్లో నీ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు' అన్నావుగా. అది వాడి పెళ్లాం పోయినప్పటి మాట."

నాకు గుర్తొచ్చింది. ఆ మాటప్పుడు తెర మీద హీరో మోటారుసైకిలు తుడుస్తున్నాడు. బండి మీద ప్రేమ కాబోలనుకున్నాను.

"అక్కడ నీ గొంతు వణికింది," అన్నారావిడ. "అప్పుడూ వణికింది, నిన్నా వణికింది."

"నా గొంతు వణకదు. నియమం."

"నీ నియమం నా దగ్గరా! లోపలికి రా, సూప్ చల్లారిపోతోంది."

"వస్తున్నా," అన్నారాయన.

ఈసారి ఆ వణుకు నాకూ వినిపించింది.