పైపు మీద గరిటె చప్పుడు

మా పిన్ని నడవడం మొదలుపెడితే వీధి వీధంతా సంబరపడింది, నేను తప్ప. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇప్పుడా పిన్నీ? అమ్మ పోయాకనా?

పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. ఆవిడది మూడో అంతస్తు, మాది అదే మేడలో కింది వాటా. ఆవిడ దర్జీ. కొత్త బట్టలు కుట్టదు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, అదే ఆవిడ పని. ఒళ్ళు బరువెక్కి, మోకాళ్ళు మొరాయించి, ఏళ్ళ తరబడి మెట్లు దిగలేదు. బట్టలిచ్చేవాళ్ళే ఆయాసపడుతూ పైకి ఎక్కేవాళ్ళు. "ఎక్కండెక్కండి, నా వంతు కూడా మీరే ఎక్కండి" అని నవ్వేది.

నీళ్ళ పైపు పై నుంచి కింది దాకా అందరి వంటగదుల్లోంచీ దిగుతుంది. అక్కాచెల్లెళ్ళకు అదే ఫోను. కింద అమ్మ గరిటెతో రెండు దెబ్బలు కొడితే 'రా' అని. పై నుంచి పిన్ని ఒక్క దెబ్బ కొడితే 'వస్తున్నా' అని. పిన్ని దిగడం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి అమ్మ కొట్టేది, పిన్ని బదులిచ్చేది, ఇద్దరూ ఎవరి వంటగదిలో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. చేతిలో సెల్లు పెట్టుకుని ఇదేం చోద్యమే అని నేను విసుక్కునేదాన్ని.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిన్ని మొదటి అంతస్తు మలుపులో మెట్టు మీద కూలబడి ఉంది. లేవలేకపోతోంది. "నన్నొదిలెయ్యి, ముందు అక్క దగ్గరికి పోవే" అని ఏడ్చింది. అమ్మ వంటగదిలో నేల మీద ఉంది. గుండె ఎప్పుడో ఆగిపోయింది. గరిటె చేతిలోనే ఉంది.

నాకు అంతు చిక్కనిది ఒక్కటే. మా వంటగది కిటికీ అవతలే సైకిళ్ళు బాగుచేసే షాపు. "బాబూ" అంటే చాలు, ఆయన పరిగెత్తుకొచ్చేవాడు. అమ్మ ఎందుకు పిలవలేదు? అలా పైపునే పట్టుకుని ఎందుకు కూర్చుంది? అడగడానికి మనిషి లేదు. ఆ కోపమంతా మెట్టు మీద కూర్చున్న మనిషి మీదికి మళ్ళింది.

కొన్నాళ్ళకు పిన్ని తనంతట తనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. మొదట్లో నీళ్ళు కూడా గుక్కెడు గుక్కెడే. తర్వాత మెత్తటి గంజి, చిన్న గిన్నెలో, చెంచాతో, నిదానంగా. జుట్టు ఊడింది. చేతుల కింద చర్మం వేలాడింది. వ్యాయామం చేయించే అమ్మాయి "చాలండీ, రేపు చూద్దాం" అంటే "రేపేంటి, పట్టు చెయ్యి" అని గదమాయించేది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది, కర్ర కూడా మూలకు చేరింది. పిన్ని మెట్లు దిగింది, వీధి చివర షాపులో మిషను వేసుకుంది. తన బట్టలు తనే మళ్ళీ మళ్ళీ బిగించుకుంటూ "నాకున్న నమ్మకమైన బేరం నేనేనే" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

నేను వేరే సంగతులు చూశాను. మొదటి అంతస్తు మలుపులో ఆ ఒక్క మెట్టు మీద ఆవిడ కాలు పెట్టదు, రెయిలింగ్ పట్టుకుని దాటేస్తుంది. మా గుమ్మం లోపలికి రాదు, పలకరింపంతా బయట నుంచే. ఇంట్లో కుట్టుకునే మిషనును హాల్లోంచి తీసి వంటగదిలో పైపు పక్కన వేసుకుంది. ఉన్నట్టుండి ఫోన్ చేస్తుంది.

"అమ్మడూ, ఇందాక పైపు కొట్టావా?"

"లేదు పిన్నీ."

"సరేలే."

ఆ 'సరేలే' విన్నాక నేను వెళ్ళి పైపుకు చెవి ఆనించేదాన్ని. ఎందుకంటే, ఒట్టు, ఒక్కోసారి నాకూ వినిపించేది.

మొన్న మా వంటగదిలో నీళ్ళు రాక ప్లంబర్ని పిలిచాను. అతను ఆ పైపును తట్టి చూసి, బిగుసుకున్న జాయింటు వదులవడానికి పానాతో రెండు దెబ్బలు వేశాడు. టంగ్, టంగ్.

పైన కుర్చీ పడిన చప్పుడు. ఆ వెంటనే మెట్ల మీద అడుగులు, ఆగకుండా, దడదడా. తలుపు భళ్ళున తెరుచుకుంది. మెడలో టేపు, జాకెట్టుకు గుచ్చిన సూది, ఒక కాలికే చెప్పు. పిన్ని గుమ్మం దాటి నేరుగా వంటగదిలోకి వచ్చేసింది.

"అక్కా!"

ప్లంబర్ పానా వెనక దాచుకున్నాడు. "నేనేం పగలగొట్టలేదమ్మా!"

పిన్ని అతన్ని చూసింది, నేలను చూసింది, వెనక్కి తిరిగి తను దిగివచ్చిన మెట్లను చూసింది.

"ఇంతేనా? ఇంత దగ్గరేనా అమ్మడూ?"

నేను ప్లంబర్ని కాసేపు బయట ఉండమన్నాను. స్టూలు లాగి "కూర్చో పిన్నీ" అన్నాను.

"వద్దు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో." పైపును రెండు చేతులతో పట్టుకుంది. "ఆ రోజు అక్క కొట్టగానే నేను జవాబు కొట్టానే. వస్తున్నానని. వంట కబురు కాదు, ఆ కొట్టడం వేరేగా ఉంది, నాకు తెలిసిపోయింది. దిగగలననుకున్నా. అక్కయ్య నన్ను నమ్ముకునే ఎవర్నీ పిలవలేదే. నేను వస్తున్నాననే."

కిటికీ అవతల సైకిల్ షాపాయన ఎవరితోనో గట్టిగా బేరమాడుతున్నాడు. ఒక్కో మాటా స్పష్టంగా వినిపిస్తోంది. నాకు పిన్నిని బయటికి గెంటేయాలనిపించింది. గట్టిగా వాటేసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు, ఆవిడ పక్కన నిలబడి బావురుమని ఏడ్చాను.

ఇప్పుడు పిన్ని మా ఇంట్లోకి వస్తుంది. పప్పు దింపగానే నేనే గరిటెతో రెండు దెబ్బలు కొడతాను. పై నుంచి జవాబు రాదు. ఆవిడ ఇక జవాబు కొట్టదు, దిగి వస్తుంది, అంతే. మెట్ల మీద అడుగులు మొదలవుతాయి, మొదటి అంతస్తు మలుపులో ఒక్క క్షణం ఆగుతాయి. అవి మళ్ళీ వినిపించేదాకా నేను పైపును పట్టుకునే నిలబడతాను.