చిన్నమ్మ పందిరి మీది ఎర్ర పురుగులు

మంథనిలో మా కిరాణా దుకాణం వెనక అవ్వ వేసిన చిక్కుడు పందిరి మీద బాపుకు మొదటినుంచీ పగ. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఉప్పు బస్తాలకు చోటు చాలడం లేదని ఆయన గోల. ఆ చలికాలం పందిరికి పేనుబంక పట్టింది. లేత కొసలూ పూల గుత్తులూ నల్లటి పేలతో నిండిపోయి, ముట్టుకుంటే వేళ్లు జిగురయ్యేవి.

"శివరాత్రి దాక చూస్త. అప్పటికి కూరకన్న కాయకపోతే గుంజలు పీకి బస్తాలు పెడుత" అన్నాడు బాపు.

అవ్వ నావైపు తిరిగింది. "ఊరందరితోని బేరాలాడుతవు గద, గీ పేలతోని ఆడు."

బూడిద చల్లాను. పేలు బూడిద పూసుకుని మరింత పుష్టిగా కనిపించాయి.

గోడ అవతలి పెరడు చిన్నమ్మది. బాపుకు వరుసకు తమ్ముడి భార్య. వాళ్లదీ కిరాణా దుకాణమే, మా మెట్టెక్కిన గిరాకీని పేరు పెట్టి పిలిచి లాక్కుపోయే దుకాణం. రెండిళ్లకూ మాటలు ఉండేవి, ప్రతి మాటకూ ఒక ముల్లు ఉండేది. ఆమె చిక్కుడుకూ పేలు పట్టాయి, కానీ పందిరి నిండా కొత్త పూత. ఎందుకో తెలియక గోడెక్కి చూశాను. ఆకుల మీద గురిగింజంత ఎర్రటి పురుగులు, వీపున నల్ల చుక్కలు. అక్షింతల పురుగులంటారు. అందులో ఒకటి కొసను పట్టుకుని, పుట్నాలు బుక్కినట్టు పేలను బుక్కుతోంది.

పురుగులతో సహా కొన్ని కొమ్మలు దొరికితే అవ్వ పందిరి గట్టెక్కుతుంది. అడగడమెలా? మా ఇళ్లలో కావలసిన సరుకును తిట్టి కొంటారు. మేలైన కందులను పుచ్చులంటాం, మంచి బెల్లాన్ని మాడిందంటాం. నిజాం కాలపు హాలీ సిక్కా పోయి నయాపైసలు వచ్చినా ఈ పద్ధతి మారలేదు.

"ఏం పందిరి చిన్నమ్మా, అంత ఎర్ర పురుగులే. మా దిక్కు పాకుతున్నయి. ఆ కొమ్మలు తెంపి ఇటియ్యి, మంటల వేస్త."

చిన్నమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది. పురుగులను చూసింది, నన్ను చూసింది.

"మా పెరడు సాఫ్ చేసేటందుకు గోడెక్కినవా? గింత సేవ మీ ఇంట్ల ఎవ్వలు నేర్పిండ్రురా?"

"నీ మంచికే చెప్తున్న."

"నువ్వు తిట్టినవంటే అది పక్కా సరుకే. గీటితోని ఏం పనో నాకు ఎర్కలే గని, నీకు మాత్రం పనుంది. ఇయ్య, పో."

మర్నాడు గోడ వైపు పాత చీర కట్టింది. రెక్కలున్నవాటికి చీర అడ్డమా అని నవ్వుకున్నాను. కానీ అక్కడ తిండి ఉండగా అవి నా మొహం చూసి ఇటెందుకు వస్తాయి? అవ్వ రోజూ రాలిన పూలను ఏరి, నేను అన్నానికి కూర్చున్నప్పుడు తెచ్చి నా కంచం పక్కన కుప్ప పోసేది.

ఇక దారి లేక, బేరాల్లో ఎన్నడూ చేయని పని చేశాను. ముందు వాకిలి నుంచి వాళ్లింటికి పోయి నిజం చెప్పాను.

"అవి బంగారమసొంటి పురుగులు చిన్నమ్మా. పేలను తింటయి. నీ పందిరి బతికిందంటే వాటితోనే. జర కొన్ని కొమ్మలియ్యి, లేకుంటే బాపు అవ్వ పందిరి పీకేస్తడు."

చిన్నమ్మ మొహం మాడింది. నా నోట పొగడ్త ఆమె ఏనాడూ వినలేదు. మావాళ్లు సరుకును పొగిడేది అమ్మేటప్పుడే, అదీ ఎట్లాగైనా వదిలించుకోవాలనుకున్న సరుకును.

"మొన్న మంటల వేస్తనంటివి, ఇయ్యాల బంగారమంటున్నవు. అడిగితే నేనియ్యనని నీకు ఎర్కే. గవి నా పందిరి మీదనే ఉండాలె, నా కాయలన్ని తినాలె, నువ్వు గోడ మీద కూసొని నవ్వాలె. గంతేనా?"

"ఒట్టు చిన్నమ్మా."

"ఒట్టు గూడ పెడుతుండు" అని దుకాణంలో ఉన్న చిన్నాయనకు వినిపించేలా అంది. "ఏమయ్యా, చీమల మందు డబ్బ ఇటు తే."

నా కళ్లముందే పందిరంతా తెల్లటి పొడి చల్లింది. ఎర్ర పురుగులు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాయి. మళ్లీ తిట్టి చూద్దామని నోరు తెరిచాను. పొడి గొంతులోకి పోయి దగ్గొచ్చింది.

శివరాత్రి వెళ్లిన మర్నాడే బాపు గుంజలు పీకాడు. ఉప్పు బస్తాలు మోస్తున్న నాకు అవ్వ ఎదురొచ్చి నిలబడింది.

"గామెకు నిజం చెప్పుమని నిన్నెవలు అడిగిండ్రురా?"