ఈడర్ బాతుల ఓబులేసు

నిన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్. ఓబులేసు పోయాడట. నిద్రలోనే.

"ఏ ఓబులేసు?" అని రెండుసార్లు అడిగాను. నాకు ఉన్నదే ఒక ఓబులేసు.

ముందు గుర్తొచ్చింది వాడి మంచితనం కాదు, తప్పిన మాట.

"పీహెచ్‌డీ రానీ కాసీమప్పా, నిన్ను ఓడెక్కించి ఉత్తర సముద్రంలో ఆ బాతును చూపిస్తా" అన్నాడు, జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో.

తెలియనివాళ్ల కోసం: వాడు జువాలజీ లెక్చరర్. నాది నంద్యాలలో పరుపుల అంగడి. ఒకరోజు వచ్చి, నేను ఏకిన దూది పిడికెడు తీసి బుగ్గకు ఆనించుకున్నాడు.

"దీనికన్నా మెత్తంది ఉండాదప్పా. ఈడర్ అని సముద్రపు బాతు. రొమ్ము మీది నూగు తానే పీక్కొని గూట్లో పరుస్తాది. ఆ మంచు దేశాల రైతులు నక్కల్ని తోలి కాపలా కాస్తారు. పిల్లలు నీళ్లల్లోకి పోయినంక ఆ నూగుతో పరుపులు కుడతారు. మీవాళ్లే అనుకో."

అలా కలిశాం.

ఆ బాతులు దశాబ్దాలుగా పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? అదే వాడి పరిశోధన. ఆ దేశాలవాళ్లు ఏటా లెక్కపెట్టి అచ్చువేసినవన్నీ తెప్పించుకున్నాడు.

గైడు నవ్వాడు. "అహోబిలం కొండ కింద కూర్చుని మంచు బాతులేందయ్యా? కోళ్ల మీద రాయి."

వాడు కోళ్ల మీద రాయలేదు. పీహెచ్‌డీ రాలేదు, ప్రమోషనూ రాలేదు, ఓడా రాలేదు. "బాతుల సార్" అని వెక్కిరించినవాళ్లే ఇవాళ స్టేటస్‌లో దండం బొమ్మలు పెడుతున్నారు. పెట్టండి.

ఒకసారి నేనే అన్నాను, మంద నిండుగానే ఉందంటున్నారు కదరా అని.

"మందను చూసి మోసపోవద్దప్పా. ఈ బాతు చానా ఏండ్లు బతుకుతాది. ముసలివి తేలతానే ఉంటాయి. పిల్లలు తగ్గింటాయి. గూట్లో కూచున్న ఆడదాన్ని నక్క ఎత్తుకపోయింటాది. నీ అంగడి నిండా ముసలోళ్లు లేరా? బోణీ అయిందా మరి?"

అంగడిలోని ముసలోళ్లందరూ నవ్వారు. బోణీ కాలేదు.

కొన్నిచోట్ల అచ్చంగా అదే జరుగుతోందని అక్కడి శాస్త్రవేత్తలే రాశారని చదివిన రోజు, బస్సెక్కి నంద్యాల వచ్చాడు. నేను గైడును తిట్టబోతే ఆపాడు.

"ఇడిసిపెట్టప్పా. కాపలా కాసిన దీవుల్లో కొన్ని నిలబడినాయి. నాకు అది చాలు."

కొత్త పరుపు మీద వాలి, మధ్యాహ్నమంతా గురక పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్లు ఆ నిద్ర చూసి అదే పరుపు కావాలన్నారు. లేపలేదు.

అంత తృప్తిగా బతికిన మనిషిని నేను మళ్లీ చూడను.

హాయిగా పడుకో ఓబులేసూ. నీ నిద్రకు ఏ అలికిడీ తగలకూడదు.

నువ్వు క్షమించావు. నేను క్షమించను. మందను చూసి మోసపోవద్దన్న ఆ మాట లోకానికి నీ పేరుతో, ఆళ్లగడ్డ నుంచి, ముందే తెలియాల్సింది. తెలియనివ్వని మనిషి నీ గైడు, ప్రొఫెసర్ సుదర్శనం.