ధూపం పీల్చే కంప్యూటరు

చిరంజీవి అని కొట్టి, పెళ్లికొడుకు పేరు పూర్తి చేసి, కన్యక కళ్లజోడు పైకి తోసుకునేలోగా కంప్యూటరు ఆరిపోయింది. మూలుగు లేదు, ముందస్తు సూచన లేదు. టప్పుమని ఓ చప్పుడు, అంతే.

బల్లకు అవతల స్టూలు మీద కూర్చున్న సుబ్బాయమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. మనవరాలి శుభలేఖ వేయించుకుందామని సిద్ధాంతం అనే ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి ఆవిడ.

"ఇదేంటమ్మా కన్యకమ్మా! పెళ్లికొడుకు పేరు కొట్టగానే దీపం కొండెక్కినట్టు అయిపోయిందేంటి?"

"కరెంటు పోయుంటుందండి."

నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది. సుబ్బాయమ్మ ఓసారి ఫ్యాను వంక, ఓసారి కన్యక వంక చూసింది.

కన్యక మళ్లీ ఆన్ చేసింది. అది లేచి కూర్చునేలోగా సుబ్బాయమ్మ కాఫీ తాగింది, వియ్యాలవారి గుణగణాలు చెప్పింది, పెళ్లి వంటలకు ఎవరిని పిలుస్తున్నారో కూడా చెప్పింది. పెళ్లికూతురు పేరు సాఫీగా పడింది. పెళ్లికొడుకు పేరు దగ్గరకొచ్చేసరికి మళ్లీ టప్పు.

సుబ్బాయమ్మ సంచి తీసుకుని లేచి నిలబడింది. "మా పిల్ల పేరుకి ఏమీ అవలేదు. ఆ అబ్బాయి పేరు దగ్గరే ఆగిపోతోంది. ఇంటికెళ్లి మావాళ్లతో ఓ మాట అనుకుని వస్తానమ్మా."

"అయ్యో, పెళ్లికీ దీనికీ ఏం సంబంధం అండీ! మిషను పాతదైపోయింది, అంతే!"

"పాతదైతే అమ్మాయి పేరు దగ్గరే పోవచ్చుగా?"

సుబ్బాయమ్మ మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఆ బల్ల మీద ఎన్నో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక పెళ్లికి ఆ బల్ల దగ్గరే అనుమానం పుట్టడం ఇదే మొదలు.

పెనుగొండలో అమ్మవారి గుడికి వెళ్లే దారిలో వెంకటసుబ్బారావుగారి పూజా సామగ్రి కొట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. అందులో సగం ఆయనది. పసుపు, కుంకుమ, కర్పూరం, ఒత్తులు, సాంబ్రాణి. మిగతా సగం ఆయన భార్య కన్యకది. ఓ బల్ల, మానిటరు, దాని పక్కన నల్ల డబ్బా, ఓ ప్రింటరు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఓణీల ఫంక్షను పిలుపులు ఆ సగంలోనే తయారవుతాయి. కాపురానికొచ్చిన కొత్తలో కుంకుమ పొట్లాలు కట్టి కట్టి విసుగొచ్చి, తణుకులో డీటీపీ నేర్పుతున్నారని తెలిసి, "వెళ్లి నేర్చుకుంటానండి" అందామె. "వెళ్లు, ఎన్నాళ్లు వెళ్తావో నేనూ చూస్తాను" అన్నాడాయన. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

అప్పట్లో కొన్న తెలుగు టైపింగు ప్రోగ్రాముకు తాళంలాంటి చిన్న ముక్క ఒకటి ఉంది. డబ్బా వెనక, పాతకాలం ప్రింటర్లు తగిలించే వెడల్పాటి సాకెట్లో దాన్ని గుచ్చితేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు. తాళం మాత్రం పనిచేస్తూనే ఉంది. ఆ ప్రోగ్రాములో ఏ అక్షరం ఏ కీ కింద ఉందని అడిగితే కన్యక చెప్పలేదు. ఆమె వేళ్లకే తెలుసు. పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ, తెర వంక చూడకుండా, వత్తులతో సహా తప్పు లేకుండా కొట్టేస్తుంది.

మొన్న వేసవిలో కూతురు సాయిప్రసన్న రాజమండ్రి నుంచి లాప్‌టాప్ తెచ్చి కొత్త పద్ధతి చూపించింది. 'శ్రీరస్తు' అని కొట్టబోతే నోరు తిరగని మాటేదో తెర మీద పడింది. యాభై దాటిన కన్యక ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా వెతుకుతూ ఉంటే, కార్డు కోసం వచ్చినవాళ్లు జాలిగా చూశారు. ఆ చూపు ఆమె మరిచిపోలేదు. లాప్‌టాప్ మళ్లీ రాజమండ్రి వెళ్లిపోయింది.

అందుకే ఆ సాయంత్రం మెకానిక్ సురేంద్ర ఫోన్లో చెప్పిన మాట విని ఆమెకు ఒళ్లు చల్లబడింది. అతను నరసాపురం మనిషి. వాళ్లవాళ్లంతా వలలు పట్టుకుంటే ఇతను స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. పెనుగొండలో చిన్న రిపేరు షాపు ఉంది.

"పనిలో ఉండగా ఆగిపోతోందంటే మదర్‌బోర్డు పోయే టైముకి వచ్చిందన్నమాటండి. బోర్డు, ప్రాసెసరు, ర్యాము కలిపి మార్చేద్దాం. హాయిగా ఉంటుంది."

"బోర్డు మారిస్తే నా తాళం ఎక్కడ గుచ్చుకోవాలి బాబూ?"

"కొత్త బోర్డులకి ఆ సాకెట్టు ఉండదండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. సాయిప్రసన్న ఫోన్లో, "అమ్మా, అది కంప్యూటరు కాదే, మ్యూజియం. పారేసి కొత్తది కొను" అంది. వెంకటసుబ్బారావు మజ్జిగ కలుపుకుంటూ, "ర్యాము పెంచితే సరిపోదూ? అందరూ అదేగా అంటారు" అన్నాడు.

"ర్యామంటే ఏంటో తెలుసా మీకు?"

"తెలిస్తేనే పెంచాలా?"

కన్యకకు నవ్వు రాలేదు. బోర్డు పోతే తాళం పోతుంది. తాళం పోతే ప్రోగ్రాము పోతుంది. ప్రోగ్రాము పోతే ఈ వేళ్లకు వచ్చినదంతా పోతుంది. మళ్లీ కుంకుమ పొట్లాలే.

మర్నాడు శుక్రవారం. ఆ కొట్టులో శుక్రవారానికో ప్రత్యేకత ఉంది. దేవుడి పటాలకు పూజ అయ్యాక కన్యక కంప్యూటరు ఆన్ చేసి, డబ్బా ముందువైపు జల్లెడలా ఉన్న చోట పసుపు రాసి, నిండుగా కుంకుమ అద్ది, సాంబ్రాణి ధూపం పడుతుంది. ఎక్కడ పట్టినా పొగ పైకి పోతుంది. ఇక్కడ మాత్రం పాయగా తిరిగి, బుద్ధిమంతుడిలా వంగి, ఆ జల్లెడలోంచి లోపలికి వెళ్లిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు కన్యక కళ్లనీళ్లు పెట్టుకుంది. "చూశారా, స్వీకరిస్తోంది!" అని మొగుణ్ణి పిలిచి చూపించింది. గుడికొచ్చినవాళ్లు కూడా ఆగి చూసి దణ్ణం పెట్టుకుని వెళ్లేవారు. ఊళ్లో ఎందరి కంప్యూటర్లు పోయినా తనది నిలబడిందంటే ఆ శుక్రవారాల చలవేనని ఆమె గట్టి నమ్మకం.

ఈసారి జబ్బు చేసింది కదా అని సాంబ్రాణి రెండు గుప్పిళ్లు ఎక్కువే వేసింది. పొగ గుప్పుమని లేచి, వంగి, లోపలికి పోతోంది. సరిగ్గా అప్పుడే సురేంద్ర సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"అమ్మా! ఏం చేస్తున్నారండీ!"

"ధూపం బాబూ. చూడు, ఎలా తీసుకుంటోందో."

"తీసుకోవడం కాదండీ! అది గాలి పీల్చుకునే ముక్కులాంటిదండీ! లోపల ఫ్యానుంటుంది, ఎదురుగా ఏదుంటే దాన్ని లాగేస్తుంది!" అంటూ ఒక్క గంతులో వచ్చి స్విచ్చి ఆపేశాడు. "ఎన్నాళ్లనుంచి ఇలాగ?"

వెంకటసుబ్బారావు గర్వంగా, "కొన్న దగ్గర్నుంచీ! ఒక్క శుక్రవారం తప్పలేదు" అన్నాడు.

సురేంద్ర డబ్బా పక్క రేకు స్క్రూలు తీశాడు. రేకు పక్కకు లాగాడు. ముగ్గురూ ఒకేసారి వెనక్కి తగ్గారు.

లోపలంతా ఎరుపు. వైర్లు ఎరుపు, రేకు ఎరుపు, మూలల్లో పేరుకుపోయిన పసుపు మీద ఎరుపు. సాంబ్రాణి జిగురుకు అంటుకున్న కుంకుమ మందంగా కట్టి, నడిమధ్యన ఉన్న చిన్న ఫ్యాను నల్లగా, తడిగా, ఏదో ప్రాణం ఉన్నదానిలా మెరుస్తోంది.

"మా అమ్మ చేప కోసినప్పుడు కూడా ఇంత ఎరుపు చూళ్లేదండి," అన్నాడు సురేంద్ర నెమ్మదిగా.

"శివ శివ! కొట్టులో ఆ మాటలేంటయ్యా!" అని వెంకటసుబ్బారావు చెవులు మూసుకున్నాడు. మూసుకున్నాడు గానీ కళ్లు మాత్రం ఆ డబ్బాలోంచి తిప్పుకోలేకపోయాడు.

"ఈ ఫ్యాను కింద అల్యూమినియం రేకులుంటాయండి, ప్రాసెసరు వేడి వాటిలోంచి పోవాలి. సందు లేకుండా పూడిపోయాయి. వేడెక్కి వేడెక్కి, తట్టుకోలేక తనంతట తనే ఆగిపోతోంది. ఇన్నేళ్లూ దీనిచేత పొగ తాగించారండి మీరు."

కన్యక స్టూలు మీద కూలబడింది. ఎవరి దిష్టో అనుకుంది, ఏలినాటి శని అనుకుంది, ఓల్టేజీ అనుకుంది. ఇలా చేసింది తన చెయ్యేనని కలలో కూడా అనుకోలేదు. ప్రతి శుక్రవారం తలంటు పోసుకుని, మడికట్టుకుని, నిష్ఠగా, ప్రేమగా దాని ఊపిరి ఆపుతూ వచ్చింది. అరచేతికి అంటిన కుంకుమ వంక చూసుకుని, చీరకు తుడుచుకుంది. అది ఇంకా పరుచుకుంది.

"బోర్డు బతికుందా?" అనడిగింది చివరికి. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే.

"శుభ్రం చేస్తే గానీ తెలీదండి."

డబ్బాను వీధిలోకి మోసుకెళ్లి బ్లోయరు పెట్టాడు. ఎర్రటి మబ్బు ఒక్కసారిగా లేచి వీధి అడ్డంగా సాగింది. తెల్ల పంచె కట్టుకుని గుడికి వెళ్తున్న పెద్దాయన ఒకాయన ఆ మబ్బులోకి తెల్లగా వెళ్లి గులాబీ రంగులో బయటికొచ్చాడు. కోప్పడబోయి, కుంకుమ వాసన తగిలి, ఏమనాలో తోచక కళ్లకద్దుకుని ముందుకు సాగిపోయాడు. ఎదురు కొట్టువాళ్లంతా బయటికొచ్చి, ఈ రోజు జాతరేమైనా ఉందా అని అడిగారు. "ఏమీ లేదు, లోపలికెళ్లండి" అన్నాడు వెంకటసుబ్బారావు. ఆయనా ఎర్రగానే ఉన్నాడు.

దుమ్ము పోయాక సురేంద్ర బోర్డు మీదికి టార్చి వేసి చూశాడు. "ఇదుగోండి. ఈ రెండు కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. వేడికి. మార్చి చూస్తాను. బతికితే బతుకుతుంది. గ్యారంటీ మాత్రం ఇవ్వలేనండి."

"మిగతావి?"

"డిస్కు పాతది, అందుకే లేవడానికి అంత తాత్సారం. అది తీసేసి ఎస్సెస్డీ అనే కొత్తరకం డిస్కు వేస్తే పరిగెడుతుంది. పవర్ సప్లై కూడా పొగచూరిపోయింది, మార్చాలి. ర్యాము మాత్రం ఎంత పెంచినా మీ పాత సిస్టమ్ వాడుకోలేదండి, దండగ."

వెంకటసుబ్బారావు ముఖం చిన్నబోయింది.

"లేదంటే వీటన్నిటికీ పెట్టేది కొత్తదాని మీదే పెట్టండి. ఆలోచించుకోండి," అన్నాడు సురేంద్ర.

కన్యక ఆలోచించింది. బోర్డు మీద చెయ్యి పెట్టబోయి, మళ్లీ తనేం చేస్తుందోనని భయపడి వెనక్కి తీసుకుంది.

"దీన్ని మాత్రం మార్చకు బాబూ. దీని చుట్టూ ఉన్నవి మార్చు. డిస్కు, ఫ్యాను, పవర్ సప్లై అన్నీ కొత్తవి వెయ్యి. దీని మీద బరువు తగ్గించు. నావల్ల ఇన్నేళ్లు కష్టపడింది, ఇకనైనా చల్లగా ఉండనీ."

సురేంద్ర డబ్బాను తన షాపుకు తీసుకెళ్లాడు. పాత డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా కొత్తదాంట్లోకి దించడానికి, ఉబ్బినవి పీకి కొత్తవి అతికించడానికి నాలుగైదు రోజులు పట్టింది. అన్నాళ్లూ కన్యక ఖాళీ బల్ల ముందు కూర్చుని గాల్లో వేళ్లు ఆడిస్తూ ఉండేది. వెంకటసుబ్బారావు విడి కుంకుమ డబ్బాను బల్ల పక్కనుంచి తీసి తన వైపు చివరి అరలోకి మార్చేశాడు.

డబ్బా తిరిగొచ్చాక తాళం గుచ్చి, సురేంద్ర స్విచ్చి నొక్కాడు. అది లేచేలోగా స్తోత్రమంతా చదువుకునే అలవాటు ప్రకారం కన్యక కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. రెండో పాదం దాటకుండానే, "కళ్లు తెరవండమ్మా" అన్నాడు.

తెర వెలిగిపోయి ఉంది. ఆమె ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచింది. "ఇది నాది కాదు! ఎవరిదో తెచ్చావు!"

"మీదేనండి! ప్రోగ్రాము తెరిచి చూడండి."

కన్యక నొక్కింది. ఒక్క క్షణం తెర తెల్లగా ఉండిపోయింది. తరవాత తెలిసిన ఆ పాత నీలం రంగు కిటికీ తెరుచుకుంది. కన్యక కూర్చుని, తెర వంక చూడకుండా, 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అని కొట్టి, అప్పుడు తలెత్తి చూసింది. ఒక్క వత్తు కూడా పోలేదు.

శుక్రవారం పొద్దున సుబ్బాయమ్మ వచ్చింది. వాళ్లాయన చీవాట్లు పెట్టి పంపాడట. స్టూలు కాస్త దూరంగా జరుపుకుని కూర్చుంది. కన్యక పెళ్లికూతురు పేరు కొట్టింది. పెళ్లికొడుకు పేరు కొడుతుంటే సుబ్బాయమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. ఇంటిపేరుతో సహా పడింది. ఏ చప్పుడూ లేదు.

"హమ్మయ్య! అబ్బాయి మంచివాడే," అంది సుబ్బాయమ్మ కళ్లు తెరిచి. అంతలోనే చుట్టూ చూసి, "ఇవాళ శుక్రవారం కదమ్మా, దీనికి ధూపం పట్టలేదేంటి? అది తాగుతుంటే చూద్దామనుకున్నాను" అంది.

"మాన్పించామండి," అంది కన్యక.

నిజానికి ధూపం మానలేదు. కొట్టు గుమ్మానికి అవతల, మెట్ల మీద సాంబ్రాణి గిన్నె పెట్టి వచ్చింది. కానీ గుడి వైపు నుంచి గాలి తిరిగింది. సన్నని పొగపాయ ఒకటి గుమ్మం దాటి, సుబ్బాయమ్మ భుజం పక్కగా సాగి, పాత స్నేహం గుర్తొచ్చినట్టు వంగి డబ్బా వైపు రాసాగింది.

"అమ్మో!" అంటూ కన్యక కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది. చీర కొంగు రెండు చేతులా బార్లా చాపి, ఆ జల్లెడకు అడ్డంగా నిలబడింది. "ఏమండీ, ఆ గిన్నె తియ్యండి! తొందరగా!"

వెంకటసుబ్బారావు తూస్తున్న కుంకుమ తక్కెడ అలాగే వదిలేసి పరిగెత్తాడు. ఆయన గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లేవరకూ ఆమె కొంగు దించలేదు. ఆ కొంగు వెనక కంప్యూటరు చల్లగా, చప్పుడు లేకుండా గాలి పీల్చుకుంటోంది.