నీటి మాళిగలో లాగని గొలుసు

పుట్టపర్తిలో నాతో పాటు డీటీపీ పని చేసే తమ్ముడొకడున్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె మూత పెట్టగానే కంప్యూటర్‌లో ఒక ఆట తెరుస్తాడు. అందులో కొండలు, గడ్డి బయళ్లు, ఊళ్లు. ఎటు పోవాలనిపిస్తే అటు పోవచ్చు. గోడ అడ్డం వస్తే ఎక్కి దూకొచ్చు. తలుపు వేసి ఉంటే కిటికీలో దూరొచ్చు. దారి తప్పుతామన్న భయం లేదు, పోవలసిన చోటును తెర మూలన ఒక బాణం గుర్తు చూపిస్తూనే ఉంటుంది.

ఒకరోజు వెనక నిలబడి చూస్తూ అడిగాను. "మాళిగలు లేవా ఇందులో?"

"ఉండాయిలే అక్కా, చిన్న చిన్నవి. ఇట్ల పోయి అట్ల వచ్చేస్తాం."

"తాళాలు, తాళం చెవులు, పటం?"

"అయ్యన్నీ పాతకాలంవి. ఒగ చెవి కోసరం గంటసేపు గోడలు తడుముకుంటా ఎవుడు తిరుగుతాడక్కా? అంత ఓపిక యాడుండాది?"

వాడి మాట కొట్టిపారేయలేకపోయాను. కానీ ఆ రోజంతా పెళ్లి పత్రికలు టైపు చేస్తున్నా మనసు అక్కడే తిరిగింది. అలాంటి మూసిన మాళిగ ఈ కాలానికి పనికిరాదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాళిగ. దాన్ని కూడా నేను చివరిదాకా ఆడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. నేను పదో తరగతితో ఆగిపోయాను. మిగతా చదువంతా కదిరి గ్రంథాలయంలో, కిటికీ పక్కన ఒక కాలు పొట్టిగా ఉన్న బెంచీ మీద చదువుకున్నాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదివినవాళ్లు ఆ ఊళ్లో నేను కాక ఇంకొకరుంటే నాకు తెలియదు. ఆదివారం మొదటి బస్సుకు పోయేదాన్ని. గ్రంథాలయం పొద్దున పదకొండుకు మూసి, మళ్లీ సాయంత్రం నాలుగుకు తెరిచేవాళ్లు. నడుమ ఆ ఐదు గంటలు ఎక్కడ ఉండాలి? ఎరువుల అంగడి మీద మిద్దెలో ఒక అక్క కంప్యూటర్ నేర్పేది. అక్కడ చేరాను.

అక్క దగ్గర మూడు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి ఎవరో వాడి అమ్మేసింది. దాంట్లో పాత యజమాని వదిలేసిన ఆట ఒకటి ఉండేది. కత్తి పట్టుకున్న ఒక యువకుడు, శాపం తగిలిన దేశం, దాన్ని విడిపించడానికి దిగవలసిన కట్టడాలు. మిగతా విద్యార్థులు పన్నెండింటికి వెళ్లిపోయాక అక్క కిటికీ తెర దించి, "రా పిల్లా, మాళిగలోకి పోదాం" అనేది. ఆటలో ఆ కట్టడాలను పిలిచే డంజన్ అన్న మాటకు గ్రంథాలయం నిఘంటువులో 'చెరసాల, నేలమాళిగ' అని చూసి అక్కకు చెప్పింది నేనే. రెండూ సరిపోలేదు. అది ఒక పెద్ద ఇల్లు. లోపలికి పోగానే వెనక తలుపు మూసుకుంటుంది. గది తరువాత గది. ఒక గదిలో తాళం, ఇంకెక్కడో దాని చెవి. లోపల చిక్కుకున్నవాడికి కావలసిందంతా ఆ లోపలే ఎక్కడో ఉంటుంది. అది కనిపెడితేనే బయటపడతాడు.

నాలుగు మాళిగలు దాటాం. ఐదోది నీటి మాళిగ. అక్కడ నిలిచిపోయాం.

నడుమ ఒక పెద్ద గుండ్రటి రాతి బావి, చుట్టూ మూడు అంతస్తుల గదులు. అడుగు నుంచి పైదాకా లోపలి గోడకు మెట్లు. పై అంతస్తులో ఒక ఇనుప చక్రం ఉంది. దాన్ని తిప్పడానికి దారి కనిపెట్టడానికే మాకు రెండు ఆదివారాలు పట్టింది. చివరికి తిప్పితే అడుగు నుంచి నీళ్లు లేచాయి. మెట్టు మెట్టుకూ లేచి మూడో అంతస్తు దాకా వచ్చాయి. అక్క కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. మా ఊళ్లో అప్పటికి నిండు బావి చూసి ఎన్నేళ్లయిందో. నీళ్ల మీద ఈది అవతలి గట్టు చేరితే ఒక తాళం చెవి దొరికింది. పటం చూస్తే దాని తలుపు అడుగున, నీళ్ల కింద ఉంది.

నీళ్లలో మునిగి తలుపు చేరుకుందామని చూశాం. ఆ యువకుడు ఇరవై లెక్కపెట్టే దాకానే ఊపిరి బిగబట్టగలడు. తలుపు దాకా పోయేసరికి పద్దెనిమిది అయ్యేది. తాళం తిప్పేలోపు చచ్చిపోయేవాడు. అక్క చేత్తో ఒకసారి, నా చేత్తో ఒకసారి, మూడు ఆదివారాలు వాణ్ని ముంచి చంపాం.

చక్రం పక్కనే ఒక గొలుసు వేలాడుతూ ఉండేది. అది మాకు కనబడలేదని కాదు. లాగితే అడుగున తూము తెరుచుకుని నీళ్లన్నీ పోతాయని దాని పక్కన చెక్కిన బొమ్మే చెబుతోంది.

"లాగి చూద్దామా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"నీకేమన్నా పిచ్చా? ఇంత కష్టపడి నింపి, వదిలేస్తారా ఎవరన్నా?"

నాకూ అది సబబుగానే తోచింది. నీళ్లు ఉంచుకునే ఏదో దారి ఉంటుందని ఇద్దరం గట్టిగా నమ్మాం. గోడలన్నీ తడిమాం. గళ్ల నోటుపుస్తకంలో ఆ బావిని అడుగు నుంచి పైదాకా, ఏ మెట్టు దగ్గర ఏ గది ఉందో గీసుకున్నాను.

అప్పుడే అక్క చెప్పింది, ఉగాది దాటాక సెంటరు మూసేస్తున్నానని. పెద్ద పెద్ద సెంటర్లు వచ్చాయి, పిల్లలు అటు పోతున్నారు. మూడు యంత్రాలూ బెంగళూరు ఆయనెవరో కొంటున్నాడు. మేము ఆడి దాచుకున్న ఆటంతా ఆ ఒక్క యంత్రంలోనే ఉంది. ఇంక రెండే ఆదివారాలు.

"పోయేలోపల దీంట్లోంచి బయటపడల్ల పిల్లా. సగంలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు," అంది అక్క. నాకూ అంతే.

మా నాయన బావుల మేస్త్రి. ముదిగుబ్బ చుట్టుపక్కల ఆయన చేతి మీద దిగిన బావులు చాలా ఉన్నాయి. బోరు బండ్లు వచ్చాక బావి తవ్వించేవాళ్లు లేకుండా పోయారు. తవ్విన బావులు కూడా ఎండిపోయాయి. నాయన శనక్కాయ చేన్లలో కూలికి పోయేవాడు. భూగర్భ జలాల గురించి గ్రంథాలయంలో చదివింది నేను ఆయనకు వివరించబోతే, "పుస్తకానికి దప్పికయితాదా?" అని నవ్వేసేవాడు. అంతకు మించి పెద్దగా మాట్లాడేవాడు కాదు.

ఆ వారం ఒకరోజు పొద్దున నేను ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి, నాయన నా నోటుపుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని వేలితో మెట్లు లెక్కపెడుతున్నాడు.

"యాడిది పాపా ఈ బావి?"

నేను నోరు తెరిచేలోపే మళ్లీ అడిగాడు. "ఎవురు తవ్విస్తాండారు? ఇంత పెద్దది! మన ముదిగుబ్బ పక్కేనా? మనుషులు కావల్లంటారా?"

ఆయన గొంతులో ఆ తొందర విని ఎన్నాళ్లయిందో. గడ్డపార కోసం అప్పుడే మూల వైపు చూస్తున్నాడు. అయినా చెప్పక తప్పలేదు.

"నిజం బావి కాదు నాయనా. కంప్యూటర్ ఆటలోది."

"ఆటలోదా," అన్నాడు. పుస్తకం మాత్రం మూయలేదు. "అయితే యేంది నీ కష్టం?"

చెప్పాను. అడుగున తలుపు, పైన నీళ్లు, ఇరవై లెక్కపెట్టే దాకానే ఊపిరి.

నాయన నా మొహం వంక వింతగా చూశాడు. "నీళ్లుండంగా బావిలో పనెట్ల జరుగుతుందే? ముందు నీళ్లు తోడెయ్యల్ల. మల్ల దిగల్ల. ముప్పై ఏండ్లు నేను చేసిందేంది?"

"నింపింది మేమే కదా నాయనా. పోగొట్టుకుంటే ఎట్ల?"

"నీళ్లు తోడేసేది పోగొట్టుకునేదానికి కాదు పాపా. ఇంగా కిందికి పోయేదానికి."

ఆదివారం పోయి అక్కతో చెబితే ఆమె తల మీద చెయ్యి పెట్టుకుంది. "మనిద్దరం చదువుకున్నోళ్లమంట! ఆయప్పను పిల్చుకోని రా పిల్లా. కడా ఆదివారం ఆయన కూడా ఉండల్ల." ఆ రోజు కదిరిలో మధ్యాహ్నమంతా కరెంటు లేదు. గొలుసు లాగకుండానే ఇంటికి వచ్చాను.

చివరి ఆదివారం నాయన ఉతికిన పంచె కట్టుకుని నాతో బస్సెక్కాడు. మిద్దె మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, అక్క వేసిన ప్లాస్టిక్ కుర్చీలో ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. యంత్రాల కోసం వ్యాను మూడింటికి వస్తుందని అక్క ముందే చెప్పింది.

వచ్చిన వెంటనే గొలుసు లాగాను. నీళ్లు సుడి తిరిగి ఒక్క ఊపున దిగిపోయాయి. నింపడానికి పట్టినంత సేపు వదలడానికి పట్టలేదు. అడుగున తడి రాళ్లు మెరిశాయి.

"అబ్బ, అడుగు శుద్ధంగా ఉండాదే," అన్నాడు నాయన. "పూడిక లేదు."

దిగి తలుపు తీశాం. లోపల ఇంకో ఏడు గదులు. వాటి గురించి ఎక్కువ చెప్పను. నిజం చెప్పాలంటే కొన్ని విసుగు పుట్టించాయి. ఒకే రకం బండరాళ్లు నెట్టడం, నాలుగు దీపాలు వెలిగిస్తే తలుపు తెరుచుకోవడం. ముందు మాళిగల్లోనూ అదే చూశాం. ఇప్పుడు మా డీటీపీ తమ్ముడు పెట్టే వంక అదే. అందులో అబద్ధం లేదు. కానీ నాయన ప్రతి గదిలోనూ ముందుకు వంగి చూశాడు. "ఆ రాయి ఊరికే పెట్టలేదు సూడు," అనేవాడు. అది ఊరికే పెట్టింది కాదు. "దీన్ని కట్టినోడు మంచి పనోడప్పా. తాను దిగి, మల్ల ఎక్కి సూసుకున్యాడు. లేకుంటే మెట్లు ఇంత కుదురుగా రావు."

రెండున్నరకు పెద్ద తాళం చెవి దొరికింది. దానితో తీయవలసిన చివరి తలుపు ముందుకు వచ్చి నిలబడ్డాం. దాని మీద రెండు పాముల బొమ్మ. లోపల ఏదో కదులుతున్న చప్పుడు. అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది.

"తెరువు పిల్లా, అరగంటుండాది. అయిపోతాది."

నాయన గొంతు సవరించుకున్నాడు. "పాపా, నేనొచ్చిందే నీళ్లు పోయేటప్పుడు. అది నిండేది నేను సూడలే."

అక్క, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నింపాలంటే మూడు అంతస్తులు వెనక్కి ఎక్కాలి. నింపితే అడుగు తలుపు మళ్లీ మునిగిపోతుంది. మళ్లీ వదిలి, మళ్లీ దిగి, ఈ తలుపు దాకా రావడానికి టైము చాలదు. ఆ లెక్క నాయనకు తెలియదు. ఊరికే అడిగాడు. అక్కకు తెలుసు. ఒక క్షణం తలుపు వంక చూసి, నా భుజం వదిలేసింది.

"నింపు. సూడనీ," అంది.

వెనక్కి తిరిగాను. ఏడు గదులు దాటి, మెట్లెక్కి, చక్రం దగ్గరికి పోయి తిప్పాను. నీళ్లు లేచాయి. నాయన కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. మునిగే మెట్లు పైకే లెక్కపెట్టాడు. మనిషెత్తు లోతును మట్టు అంటారు మా వైపు. "రెండు మట్లు వచ్చినాయి," అన్నాడు. "మూడు. ఇంగా వస్తాండాయి." గట్టు అంచుకు తగిలి నీళ్లు ఆగినప్పుడు ఆయన చెయ్యి తెలియకుండానే ముందుకు వచ్చి, తెర అద్దానికి ఆనింది.

"ఊట యాడుండాది దీనికి?"

"ఊట లేదు నాయనా. చక్రం తిప్పితే వస్తాయంతే."

"ఓహో," అన్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు.

కింద వ్యాను హారను వినిపించింది. అక్క ఆటను ఆ నిండు బావి దగ్గరే దాచి, యంత్రం ఆపింది. తీగలు తానే చుట్టింది. దిగేటప్పుడు నాయనతో, "మీరు లేకుంటే ఇంగా మునిగి చస్తా ఉంటిమి మామా," అని నవ్వింది. ఆమె సగంలో వదిలేసింది ఆ ఒక్క మాళిగనే అనుకుంటాను. నాలుగింటికి గ్రంథాలయం తెరిచారు. ఆ రోజు నేను పోలేదు.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. పాత మాళిగలు ఇంకా పనికొస్తాయా అంటే, వాడి ఆటలో ఎటైనా పోవచ్చు, కానీ వాడి కోసం ఒకరు ముందుగా దిగి చూసిన జాడ నాకు కనిపించలేదు. బహుశా నేను సరిగా చూడలేదేమో. నాకు కావలసింది ఆ చిన్న నమ్మకం. మూసుకున్న తలుపు వెనక ఎవరో నా గురించి ఆలోచించి, నాకు కావలసింది లోపలే ఎక్కడో పెట్టి ఉంటారన్న నమ్మకం. మా మెట్టలో దిగిన ఏ బావీ నాయనకు ఆ మాట ఇవ్వలేదు. అయినా దిగాడు.

ఆ ఆట ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో ఊరికే దొరుకుతుందట. తమ్ముడే దించి నా కంప్యూటర్‌లో పెట్టాడు. మొదటి నుంచి ఆడి ఐదో మాళిగ దాకా వచ్చాను. చక్రం తిప్పి నింపాను. ఈసారి గొలుసు ఎందుకో తెలుసు, కింద ఏడు గదుల దారీ తెలుసు, టైముకు కొదవ లేదు. అయినా రెండు నెలలుగా నా యువకుడు గట్టు మీదే నిలబడి ఉన్నాడు. లాగితే ఆ బావి ఒక ఆటలో బావి అయిపోతుందని భయం.

శనివారం సాయంత్రం ఇంటికి పోతే, నాయన గొర్రెలను దొడ్లోకి తోలి, చేతులు కడుక్కుని, అప్పుడప్పుడు అడుగుతాడు.

"ఆ కదిరి బావి ఉండాదా పాపా?"

"ఉండాది నాయనా."

"నీళ్లు?"

"నిండుగా ఉండాయి."

ఆయన తల ఊపి, చెంబులో మిగిలిన నీళ్లు పారబోయకుండా తీసుకుపోయి గొర్రెల తొట్టిలో పోస్తాడు.