నాయన పికప్ బండీ, దానికి తొడిగిన పెద్ద టైర్లూ

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున లేచి బయటికొస్తే, కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి ముందు రెండు కాళ్లు మాత్రమే కనిపించేవి. మిగతా మనిషి పికప్ బండి కింద ఉండేవాడు. ఆయనే మా నాయన.

తాతకు ద్రాక్షతోట ఉన్న రోజుల్లో కొన్న బండి అది. కొత్తపేట మార్కెట్‌కు గంపలు మోసీ మోసీ అలసిపోయింది. తోట ప్లాట్లయ్యాక దాన్ని పాత ఇనుముకు వేసేద్దామన్నారు అందరూ. నాయన ఒప్పుకోలేదు. వారమంతా ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చునే మనిషికి, ఆ ఒక్కరోజు చేతులకు గ్రీజు అంటితేనే ప్రాణం లేచొచ్చేది...

అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. వంటింటి గట్టు మీద కిరసనాయిలు గిన్నెలో నానుతున్న బోల్టులు... తుడుపుగుడ్డలైపోయిన పాత చీరలు... "ఇంట్ల నాకంటె దానికే ఎక్కువ సేవ చేస్తున్నవ్" అనేది.

ఒక ఆదివారం పక్కింటి ప్రసాద్ గారు గోడ మీంచి తొంగి చూశారు. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేసేవారు. "ఏవండీ, వారానికోసారి కాస్త పడుకుందామంటే ఈ సుత్తి మోతేంటండీ?" అని గట్టిగానే అడిగారు.

"జర ఆగుండ్రి సార్. గీ నట్టు తుప్పు పట్టింది, ఎంత తిప్పినా ఒస్తలేదు" అన్నాడు నాయన బండి కిందనుంచి.

ప్రసాద్ గారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. లుంగీ పైకి కట్టి, "ఏదీ, ఆ పానా ఇలా ఇవ్వండి" అన్నారు. అంతే... మరుసటి ఆదివారం నుంచి బండి కింద నాలుగు కాళ్లు.

ఇంజను దిగింది, మళ్లీ ఎక్కింది. వెనక తొట్టిలో పాత బస్సు సీట్లు బిగించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో టార్పాలిన్ కప్పు కుట్టించారు. చివరగా ముందు చక్రాలకు వెడల్పాటి పెద్ద టైర్లు... వాటితో బండి రొమ్ము విరుచుకుని నిలబడినట్టుండేది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తుంటే, ఆ ఇద్దరి ముఖాల్లో వెలుగు చూడాలి!

తొలి ప్రయాణం పెద్ద అంబర్‌పేట్ దాటి, మా మేనత్త వాళ్ల చేను దగ్గరికి. ముందు నాయనకూ ప్రసాద్ గారికీ మధ్య నేను. వెనక సీట్లలో అమ్మ, తమ్ముడు, ప్రసాద్ గారి భార్య లక్ష్మి ఆంటీ, వాళ్ల పిల్లలు. మా సర్వపిండి, వాళ్ల పులిహోర పంచుకుంటూ ఒకే దుప్పటి మీద కూర్చుని తిన్నాం.

తిరుగు ప్రయాణంలో... చేనుదారి మలుపులన్నీ తిరిగి, హైవే వైపు వాలులో దిగుతున్నాం. నాయన బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా నేలకంటా పోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ అంతే. బండి ఇంకా వేగం అందుకుంది. వాలు చివర హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

నాయన ముఖంలో రంగు పోయింది. గొంతు మాత్రం పెంచలేదు. "ప్రసాద్ సార్, బ్రేకు లేదు. పిల్లల్ని గట్టిగ పట్టుకొమ్మని ఎన్కకు చెప్పుండ్రి."

ప్రసాద్ గారు ఒక చేత్తో నన్ను ఒళ్లోకి లాక్కుని, రెండో చేత్తో వెనక అద్దం బాదారు. "పిల్లల్ని పట్టుకోండి! గట్టిగా పట్టుకోండి!"

నాయన గేరు తగ్గించాడు. ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు లాగాడు... వేగం తగ్గింది కానీ చాలలేదు. ఎడమ పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్ప కనిపించింది. "తిప్పుతున్న సార్!" అంటూ స్టీరింగ్ అటు తిప్పేశాడు.

దబ్బుమని... బండి ముక్కు ఇసుకలోకి దూసుకుపోయి ఆగింది.

అప్పుడు వెనకనుంచి మా తమ్ముడు "నాయనా, ఇంకోసారి!" అని అరిచాడు. లక్ష్మి ఆంటీ ఏడుస్తూనే నవ్వేసింది. అమ్మ దిగి ఒక్కొక్కరి తల, చేతులు, కాళ్లు తడిమి చూసింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అప్పుడు నాయన దగ్గరికొచ్చి కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

తర్వాత చూస్తే తెలిసింది. ఆ పెద్ద టైరు, మలుపు తిరిగినప్పుడల్లా బ్రేకు ఆయిల్ గొట్టానికి రాసుకుని రాసుకుని దాన్ని చీల్చేసింది.

ఆ తర్వాతి ఆదివారం నాయన బండి దగ్గరికే పోలేదు. ఆ పైవారం కూడా అంతే. "అమ్మేస్త. నా పిచ్చికి మీరందరు..." అని లోపలికి వెళ్లిపోయాడు. ప్రసాద్ గారు గోడ దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవారు. ఇంట్లో ఎవరో లేనట్టుండేది.

ఆఖరికి అమ్మే పానాల డబ్బా మోసుకొచ్చి నాయన ముందు పెట్టింది. "బండి తప్పేమున్నది? దాని కాళ్లకు పట్టని చెప్పులు మనమే తొడిగినం. పాత టైర్లే ఎయ్యి. బ్రేకులు మంచి మెకానిక్‌తోని చేపియ్యి. అయినంక ముందుగాల నేనే ఎక్కుత."

నాయన డబ్బా మూత తీశాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "ప్రసాద్ సార్, జర ఒస్తరా?" అని కేక వేశాడు. ఆయన అప్పటికే లుంగీ పైకి కట్టుకుంటూ గేటు దగ్గరున్నారు.

మెకానిక్ అంతా చూసి సరేనన్నాక, అమ్మ నిజంగానే వచ్చి నాయన పక్కన కూర్చుంది. మేమంతా గేటు దగ్గర నిలబడ్డాం. "ఆపు" అంది. బండి ఆగింది. "మళ్ల ఆపు." మళ్లీ ఆగింది. వీధి చివర తిరిగి వచ్చేదాకా ఇదే పని. దిగేటప్పుడు అమ్మ ముఖంలో కనిపించిన నిమ్మళం... అది చూశాకే మా అందరి గుండెల్లో బరువు దిగింది.

ఇప్పుడు నేను ఎల్బీనగర్‌లో ఉంటున్నాను. మా కారు బానెట్ కింద ఏముందో నాకూ తెలియదు, మా ఆయనకూ తెలియదు. ఏదో లైటు వెలుగుతుంది, ఫోన్ చేస్తాం, వాళ్లే తీసుకెళ్లి సాయంత్రానికి కడిగి మరీ తెచ్చిస్తారు. సుఖమే... కాదనను. కానీ పక్క ఫ్లాటాయన పేరేమిటో ఇంతవరకూ నాకు తెలియదు. అడగడానికి ఒక్క సాకూ దొరకలేదు...

మీ ఇంటినీ పక్కింటినీ అలా కలిపేసిన పాత బండో, మోటారో, రేడియోనో ఉండే ఉంటుంది. దాని సంగతి కింద రాయండి... తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.