రాగి లేదని చెప్పిన మస్తానమ్మ గారు

మస్తానమ్మ గారు ఇక లేరన్న వార్త తరగతికి వెళ్తుండగా ఫోన్లో తెలిసింది. నమ్మలేక ఆమె నంబరుకే ఫోన్ చేశాను. ఆమె తమ్ముడు శీనయ్య ఎత్తి, నిజమే సార్ అన్నారు. నెల్లూరు కళాశాలలో ఆమె నాకు గురువు, తర్వాత సహాధ్యాపకురాలు. దుఃఖంతో రాయాల్సిన ఈ నాలుగు మాటలనూ సిగ్గుతో రాస్తున్నాను.

సూళ్లూరుపేట దగ్గర సరస్సులో చేపలు పట్టే కుటుంబం ఆమెది. జీవితమంతా అర్ధవాహక నానో కడ్డీల అధ్యయనానికే అర్పించారు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండని ఆ కడ్డీల్లో ఏ కొసన ఏ మూలకం ఉందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తేల్చడం ఆమె పని. ఫలితం పట్టుకుని ఎవరు వెళ్లినా, బొమ్మ చూడకముందే "ఏ గ్రిడ్డు నాయనా, రాగిదా?" అని అడిగేవారు. గ్రిడ్డంటే కడ్డీలను పరిచే చిన్న లోహపు జల్లెడ.

ఆ ప్రశ్న వెనక ఆమె తిన్న దెబ్బ ఉంది. కడ్డీల కొసల్లోకి రాగి చేరిందని ఒకప్పుడు ఆమె ప్రకటించారు. ప్రశంసలు, శాలువాలు, పురస్కారం వచ్చాయి. తర్వాత అవే కడ్డీలను నికెల్ జల్లెడ మీద పరిచి చూస్తే రాగి జాడే లేదు. మొదట కనిపించిందంతా జల్లెడలోని రాగే. ఎవరూ వేలెత్తి చూపకముందే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు, పురస్కారం తిప్పి పంపారు. "మిషను అబద్ధం చెప్పలా. దేని మీద పరిచినామో నేనే మరిచిపోయినా" అని ప్రతి కొత్త బ్యాచికీ మొదటిరోజే చెప్పేవారు. వినలేక మేం తలలు దించుకునేవాళ్లం. ఆమె మాత్రం నవ్వేసి పాఠంలోకి వెళ్లిపోయేవారు.

మొన్నటి సంతాపసభలో ఆ ప్రస్తావన వద్దని అధ్యాపకులం అనుకున్నాం. పోయినావిడ పరువు కాపాడుతున్నామని మా భ్రమ. అధ్యక్షులవారు ఇంకో అడుగు ముందుకేసి, కడ్డీల్లో రాగిని కనుగొన్న విదుషీమణి అని కీర్తించారు. తర్వాత మాట్లాడింది నేనే. సరిదిద్దలేదు.

సభ ముగిశాక శీనయ్య నా దగ్గరికొచ్చారు.

"తప్పు చెప్పినానని మా అక్క ఇంట్లో అమ్మక్కూడా చెప్పింది సార్. మీరెందుకు దాస్తా ఉండారు? ఆమె చేసిన పని మీకు నామోషీగా ఉండాదా?"

"గౌరవం కొద్దీ దాచాం" అన్నాను. ఆ మాట నా చెవికే రోతగా వినిపించింది. ఆయన అక్క ఫొటో తీసుకుని, రైలు టైమైందని వెళ్లిపోయారు.

ఆ కడ్డీల్లో రాగి లేదు. ఆ సంగతి లోకానికి చెప్పింది మస్తానమ్మ గారే. ఆమె కీర్తి అదే, ఆమె పాదాలకు నా నమస్సులు. తన తప్పును నిలబడి చెప్పగల మనిషి మా మధ్య ఆమె ఒక్కరేనని, ఆమె పోయి వారం తిరక్కముందే మేమే నిరూపించాం.